నన్ను అడగని ప్రశ్న

ఆగస్టు 19, మంగళవారం

రాఘవేందర్, పర్వతాలు ఒకే కారులో వచ్చారు. రాఘవేందర్ నడుపుతున్నాడు, పర్వతాలు వెనక సీట్లో కూర్చున్నాడు. చూసేవాళ్ళు పర్వతాలే యజమాని అనుకుంటారు. కానీ కార్ఖానా ఏరియాలో ఉన్న స్టీమ్ లాండ్రీ రాఘవేందర్‌ది. పర్వతాలు అందులో యూనియన్ కార్యదర్శి. పక్కపక్కన కూర్చుంటే రాజీపడిపోయారని పనివాళ్ళు అనుకుంటారట, అందుకని ఈ ఏర్పాటు. నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

సంగతి ఏమిటంటే, బాలమ్మ అనే మనిషిని పనిలోంచి తీసేశారు. యూనియన్ ఒప్పుకోలేదు. కోర్టుకెళితే ఏళ్ళు పడుతుందని, ఇద్దరికీ నమ్మకమున్న మనిషిని మధ్యవర్తిగా పెట్టుకుని, ఆ తీర్పుకు కట్టుబడదామనుకున్నారు. రాఘవేందర్ నా దగ్గర సోషల్ చదువుకున్నాడు. పర్వతాలు పిల్లలిద్దరూ నా క్లాసులోనే కూర్చున్నారు. అలా నా పేరు తేలింది.

"నాకు చట్టం తెలియదయ్యా," అన్నాను.

"తెలిసినోళ్ళతోనే పరేషాన్ అయితుంది మేడమ్," అన్నాడు పర్వతాలు.

ఆలోచించి చెబుతానని పంపేశాను. ఆలోచించడానికేముంది. రిటైరయ్యాక నన్నెవరూ ఏదీ అడగడం లేదు, నేనే అందరినీ అడుగుతూ తిరుగుతున్నాను. చర్చిలో నా వెనక నన్ను పోలీసు టీచరమ్మ అంటారని నాకు తెలియదనుకుంటారు.

ఆగస్టు 20

ఒప్పుకున్నాను.

ఆగస్టు 23, శనివారం

తమ్ముడు జెరెమియా వచ్చాడు. లేబర్ కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనవాడు. జడ్జీలు మారారు గానీ వాడు మారలేదు, కాబట్టి కోర్టంతా తనే నడిపానని వాడి నమ్మకం. రాఘవేందర్, పర్వతాలు సంతకాలు పెట్టి నాకిచ్చిన కాగితం చూపించమన్నాడు.

దాని మీద ఒకే ప్రశ్న ఉంది. "బాలమ్మను పనిలోంచి తీసేయడం ఒప్పందం ప్రకారం సరైనదేనా? కాకపోతే ఏం చేయాలి?"

"ఇదిగో అక్కా, నీ రాజ్యం ఇంతే," అన్నాడు వేలు పెట్టి చూపిస్తూ. "ఇది దాటి ఒక్క అంగుళం పోయావంటే హైకోర్టు నీ తీర్పు మొత్తం కొట్టేస్తుంది. ఒప్పందంలో లేని మాట కలపకూడదు, ఉన్న మాట తీయకూడదు. ఒకరు లేకుండా ఇంకొకరి మాట వినకూడదు. ఎవరైనా ఇంటికొచ్చి చెవిలో ఏదైనా వేశారనుకో, అది రెండోవాళ్ళకు చెప్పి తీరాలి."

"మరి నిజం తెలుసుకోవద్దా?"

"అడిగినంత మేరకు తెలుసుకో."

అడిగినంత మేరకు నిజం ఎక్కడైనా ఉంటుందా. వాడితో వాదించలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని నేను, ఈ పని ఎందుకు ఒప్పుకున్నావక్కా అని వాడి బాధ. ఒక్కటి మాత్రం నిజం, ఇవాళ చాలా రోజులకు మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. పట్టకపోవడం బాగుంది.

ఆగస్టు 30, శనివారం

మొదటి విచారణ. కార్ఖానాలో ఫంక్షన్ హాలు పైగది. కింద ఎవరిదో ఎంగేజ్‌మెంటు, బ్యాండువాళ్ళు సర్దుకునేదాకా మాకెవరికీ ఏమీ వినపడలేదు.

రాఘవేందర్ చెప్పింది: లష్కర్ బోనాల ఆదివారం తను మహంకాళి గుడి దగ్గర లైన్లో నిలబడ్డాడు. తన కళ్ళ ముందే బాలమ్మ బోనమెత్తుకుని పోయింది. అమ్మవారి ముందు ఏమనలేక దండం పెట్టి ఊరుకున్నాడు. మర్నాడు పంచింగ్ మిషన్ చూస్తే బాలమ్మ ఆ ఆదివారం పొద్దున కార్డు కొట్టి లోపలికి వచ్చినట్టు, సాయంత్రం కొట్టి వెళ్ళినట్టు ఉంది. ఆమె కార్డు ఇంకెవరో కొట్టారన్నమాట.

"సూపర్‌వైజర్ చూడలేదా?" అని అడిగాను.

రాఘవేందర్ తల గోక్కున్నాడు. "ఆయన సుత బోనాలకు పోయిండు టీచర్. లీవు పెట్టి."

కెమెరా ఉందిగానీ, లోపలి ఆవిరికి అది ఎప్పుడో గుడ్డిదైపోయిందట.

పర్వతాలు చెప్పింది: ఈ లాండ్రీలో ఇది ఎప్పటి నుంచో ఉంది. క్రిస్మస్‌కు, గుడ్ ఫ్రైడేకు క్రిస్టియన్ ఆడవాళ్ళ బదులు హిందువులు పనిచేస్తారు. బోనాలకు, బతుకమ్మకు వాళ్ళ బదులు వీళ్ళు చేస్తారు. ఆసుపత్రుల దుప్పట్లకు పండగ సెలవుండదు కదా. ఎవరి బదులు వస్తే వాళ్ళ కార్డు కొట్టుకుంటారు. దీన్నెవరూ దొంగతనం అనుకోలేదు.

రాఘవేందర్ ఒప్పందం నా ముందు పెట్టాడు. పోయిన ఏడాది ఇద్దరూ సంతకాలు పెట్టుకున్నది. ఇరవయ్యో షరతు: ఈ కాగితంలో లేని ఆనవాయితీ ఏదీ ఇకమీద చెల్లదు. మధ్యవర్తికి ఈ షరతులు మార్చే అధికారం లేదు.

పర్వతాలు దాని మీద సంతకం పెట్టాడు. ఎందుకు పెట్టావయ్యా అంటే, "ఇరవయ్యోదాంక ఎవరు చదువుతరు మేడమ్," అన్నాడు.

ఇంతసేపూ బాలమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. యాభై దాటిన మనిషి, చేతులు మోచేతుల దాకా వేడికి కమిలి ఉన్నాయి. భర్త లేడు, కూతురికి పోయినేడే ఆపరేషన్ అయింది, ఆ ఇంటికి ఈమె పనే ఆధారం. ఇదంతా పర్వతాలు చెప్పాడు, ఆమె కాదు.

ఆగస్టు 31

ఎవరు కొట్టారు కార్డు?

సెప్టెంబర్ 2, మంగళవారం

టమాటాలకని కార్ఖానా వెళ్ళాను. లాండ్రీ ఎదురుగా బండి దగ్గర కాసేపు నిలబడ్డాను. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల పెద్ద ఇస్త్రీ రోలర్, దానికి అటొకరు ఇటొకరు ఇద్దరు ఆడవాళ్ళు. దుప్పటి చెరో కొస పట్టుకుని, సాగదీసి, ఒకేసారి లోపలికి వదులుతున్నారు. ఒకరు ఒక్క క్షణం ముందు వదిలినా అది వంకరపోతుంది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు, చేతులే చూసుకుంటున్నాయి. ఎంతసేపు చూశానో, బండివాడు నా సంచీ రెండుసార్లు తూచి ఇచ్చాడు.

జెరెమియాకు ఫోన్లో చెప్పాను. "మీ మారేడ్‌పల్లిలో టమాటాలు దొరకవా అక్కా?" అన్నాడు. వచ్చే విచారణలో ఈ సంగతి ఇద్దరి ముందూ చెప్పమన్నాడు. సరేనన్నాను. టమాటాలు బాగానే ఉన్నాయి.

సెప్టెంబర్ 6, శనివారం

ముందు టమాటాల సంగతి చెప్పాను. రాఘవేందర్ నవ్వి, "లోపటికి రావాల్సింది టీచర్, చాయ్ తాగిపోయేటోళ్ళు," అన్నాడు. పర్వతాలూ అభ్యంతరం లేదన్నాడు.

రాఘవేందర్ ఇవాళ ఇంకో మాట చెప్పాడు. వాడి మీద కోపం పెట్టుకుందామనుకున్న నాకు అది కుదరకుండా చేశాడు. వేరే ఊళ్ళో ఒక లాండ్రీలో ఒకామె చెయ్యి రోలర్లో పడిందట. ఆ పూట పంచింగ్ మిషన్‌లో ఉన్న పేరు ఆమెది కాదు, ఇంకొకామెది. బీమావాళ్ళు చేతులు దులుపుకున్నారు. "అట్ల నా తాన అయితే ఆ చెయ్యి ఎవరు తెచ్చిస్తరు? నాకు భక్తి లేదా టీచర్, నేను సుత లైన్ల నిలబడ్డ. కానీ లోపట ఎవరున్నరో నాకు తెల్వాలె."

నిజమే కదా. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పని.

ఆ తర్వాత నేను చేయకూడని పని చేశాను. బాలమ్మ వైపు తిరిగి, "నీ కార్డు ఎవరు కొట్టారమ్మా?" అని అడిగాను.

పర్వతాలు కాగితాల్లోకి చూశాడు. రాఘవేందర్ ముందుకు వంగాడు. అప్పుడు అర్థమైంది, ఈ ప్రశ్నకు జవాబు కావాల్సింది నాకు కాదు, వాడికని.

బాలమ్మ మొదటిసారి నోరు విప్పింది. "అమ్మా, తీసేసింది నన్ను. నా ముచ్చట అడుగున్రి, చెప్త. ఇంకొకల ముచ్చట నన్నెందుకు అడుగుతున్నరు?"

"నువ్వు చెప్తే నీకే మంచిదేమో," అన్నాను ఇంకా వదలక.

"నా మంచి కోసం ఇంకొకలను ముంచాల్నా? ఎవరు కొట్టిండ్రో నాకు తెల్వదు." తెలియదని చెప్పేటప్పుడు సూటిగా నా కళ్ళలోకి చూసింది.

ప్రశ్న వెనక్కి తీసుకున్నానని చెప్పి రాయించాను. రోడ్డు మీదకొచ్చాక సిగ్గేసింది. ఆ కాగితంలో ఆ ప్రశ్న లేదు. నాలో ఉంది.

సెప్టెంబర్ 7, ఆదివారం

చర్చిలో రోసమ్మ నా ముందు వరసలో కూర్చుంది. బొల్లారం నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. ఆమె కూడా అదే లాండ్రీలో చేస్తుంది. అది నాకు ఇంతకుముందే తెలుసా? తెలుసు. అయితే ఏమిటి, అక్కడ చాలామంది చేస్తారు. క్రిస్టియన్లకు ఆదివారం సెలవు, అది కూడా తెలుసు.

జులైలో ఒక ఆదివారం రోసమ్మ వాక్యం చదవాలి. జ్వరమని కబురు పంపింది. ఆమె బదులు నేనే చదివాను. ఏ ఆదివారమో గుర్తు లేదు.

గుర్తుంది. ఆ రోజు బోనాల ట్రాఫిక్‌లో చర్చికి ఆలస్యమయ్యాను.

ఇది రాయకుండా ఉండాల్సింది. జెరెమియాకు చెప్పలేదు. చెప్పడానికి నాకేమీ తెలియదు కదా.

సెప్టెంబర్ 9, మంగళవారం

దొరికింది.

పొద్దున్నుంచీ ఒప్పందం ముందేసుకుని కూర్చున్నాను. పన్నెండో షరతు: "ఇంకొకరి కార్డు కొట్టినవారిని పనిలోంచి తీసేయవచ్చు." కొట్టినవారిని. బాలమ్మ ఎవరి కార్డూ కొట్టలేదు, గుడి దగ్గరుంది, దానికి సాక్షి స్వయంగా యజమానే. ఆమె చేసిందల్లా చెప్పకుండా మానేయడం. దానికి పదకొండో షరతు ఉంది: ఆ రోజు కూలి కోత, ఒక హెచ్చరిక. అంతకుమించి లేదు.

కార్డు ఇచ్చినా కొట్టినట్టే అని రాఘవేందర్ వాదన. కానీ కాగితంలో అలా లేదు. ఉందనుకుంటే నేను ఒప్పందంలో లేనిది కలిపినట్టు. కలిపే అధికారం నాకు లేదని వాడే రాసుకున్నాడు. నన్ను కట్టేయడానికి తెచ్చిన తాడుతో వాడే కట్టుబడిపోయాడు.

ఎవరు కొట్టారో నాకు తెలియనక్కర్లేదు. ఆనవాయితీ ఉందో లేదో తేల్చనక్కర్లేదు. ఎవరి నోరూ విప్పించనక్కర్లేదు. బాలమ్మ పని బాలమ్మకు వస్తుంది.

అటూ ఇటూ తిరిగాను, చాయ్ పెట్టుకుని తాగడం మరిచాను. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. తీర్పు రాసి ఇచ్చేదాకా గోడకు కూడా చెప్పకూడదట. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సెప్టెంబర్ 11, గురువారం

రోసమ్మ వచ్చింది.

బట్టలారేస్తున్నాను. గేటు గొళ్ళెం తీయబోతూ, "టీచరమ్మా, ఒక మాట అడుగాల్నని వచ్చిన," అంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టంతా చెమటకు అంటుకుపోయింది.

తడి చీర వదిలేసి పరుగెత్తి గేటుకు ఇవతల చెయ్యి అడ్డం పెట్టాను. "లాండ్రీ సంగతా?"

"ఆ."

"అయితే వద్దు రోసమ్మా. నువ్వు నాకేం చెప్పినా నేను రాఘవేందర్‌కు చెప్పాల్సి వస్తుంది. చెప్పాలనుకుంటే శనివారం హాలుకు వచ్చి అందరి ముందూ చెప్పు."

"చెప్పనీకె కాదు, జెర అడుగుదామని."

"అడిగినా అంతే. వద్దమ్మా, తీర్పు అయ్యేదాకా నా దగ్గరికి రావద్దు."

నా ఇన్నేళ్ళ బతుకులో ఒక మనిషి తనంతట తాను గుట్టు విప్పుతానని వస్తే ఆపడం ఇదే మొదలు. లోపలికి రమ్మని కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి, మొదటి నుంచి చెప్పమని అడగాలని నాకెంత ఉందో ఆ దేవుడికే తెలుసు. ఆమె కాసేపు గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. "మంచిదమ్మా," అని వెళ్ళిపోయింది. మంచినీళ్ళైనా ఇవ్వలేదు నేను.

జెరెమియాకు చెప్పాను. నీలోనూ ఇంత నిగ్రహం ఉందా అక్కా అని మెచ్చుకున్నాడు. ఇద్దరికీ రెండు వాక్యాలు రాసి పంపమన్నాడు: ఫలానా రోజు లాండ్రీ పనివాళ్ళలో ఒకరు వచ్చారు, ఏమీ వినకుండా పంపేశాను. పేరు రాయకుండా అలాగే రాసి పంపాను. గర్వంగానే ఉంది.

సెప్టెంబర్ 13, శనివారం

చివరి విచారణ. రోసమ్మ రాలేదు. అమ్మయ్య అనుకున్నాను.

రాఘవేందర్ ఇవాళ తక్కువ మాట్లాడాడు. వాడి మొహంలో ఏదో ఉంది. ఏమిటని అడగాలనిపించింది, బుద్ధొచ్చి అడగలేదు.

సాయంత్రం తీర్పు చిత్తు రాసి జెరెమియాకు చూపించాను. చివర నా సొంతంగా ఒక వాక్యం పెట్టాను: "ఈ విషయంలో ఇంకెవరి మీదా చర్య తీసుకోకూడదు."

వాడు ఆ వాక్యం మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

"ఇంకెవరి సంగతీ నిన్నడగలేదు అక్కా. ఇదుంటే రాఘవేందర్ రేపు పొద్దున్నే హైకోర్టుకెళ్తాడు. అధికారం దాటిందంటాడు. దీంతో పాటు బాలమ్మ కూడా పోతుంది."

"ఈ ఒక్క వాక్యమే కొట్టేస్తారేమో."

"మొత్తం కొట్టేస్తే?"

కొట్టేశాను. గీత మీద గీత పెట్టి కనపడకుండా కొట్టేశాను. అయినా ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు కదా, ఎవరి మీద చర్య తీసుకుంటాడు.

సెప్టెంబర్ 15, సోమవారం

తీర్పు ఇచ్చేశాను. బాలమ్మను తిరిగి పనిలోకి తీసుకోవాలి, ఒక రోజు కూలి కోత, ఒక హెచ్చరిక. కారణం ఒక వాక్యంలో: "పన్నెండో షరతు కార్డు కొట్టినవారికే వర్తిస్తుంది, కార్డు ఇచ్చినవారికి కాదు." ఈ వాక్యం మూడుసార్లు తిరగరాశాను. ఇంత సూటి వాక్యం నేను క్లాసులో కూడా ఎప్పుడూ రాయలేదు.

పర్వతాలు చేతులు జోడించాడు. రాఘవేందర్ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "కట్టుబడి ఉంట టీచర్," అన్నాడు.

ఇవాళ్టితో నా అధికారం అయిపోయింది. తీర్పు మీద సంతకం పెట్టిన నిమిషంలోనే మధ్యవర్తి మామూలు మనిషైపోతాడట. మామూలు మనిషిగా వంకాయ కూర వండుకుని తిన్నాను.

సెప్టెంబర్ 16

రోసమ్మను తీసేశారు.

సెప్టెంబర్ 17, బుధవారం

నిన్న రాయలేకపోయాను. పర్వతాలు ఫోన్ చేసి చెప్పాడు.

నేను గేటు దగ్గర నుంచి పంపేసిన మర్నాడే, శుక్రవారం, రోసమ్మ రాఘవేందర్ గదిలోకి వెళ్ళి, "కార్డు నేనే కొట్టిన. బాలమ్మను తీసుకోన్రి, నన్నేం జేస్తరో చెయ్యున్రి," అని చెప్పి రాసిచ్చింది. వాడు ఏమీ అనలేదట. కాగితం పెట్టుకుని ఊరుకున్నాడు. శనివారం విచారణలో వాడి మొహంలో ఉన్నది అదే.

నిన్న పొద్దున ఆమెకు ఉత్తరం ఇచ్చారు. పర్వతాలు చదివి వినిపించాడు. "మధ్యవర్తి తీర్పులో స్పష్టంగా చెప్పినట్టు, పన్నెండో షరతు కార్డు కొట్టినవారికే వర్తిస్తుంది." కామా దాకా నా వాక్యమే.

ఆమె ఒప్పుకోకపోయినా బాలమ్మ పని బాలమ్మకు వచ్చేది. ఆ సంగతి నాకు పోయిన వారం మంగళవారమే తెలుసు. గురువారం ఆమె నా గేటు పట్టుకుని నిలబడినప్పుడు కూడా తెలుసు.

ఎవరి తప్పూ లేదని జెరెమియా అంటున్నాడు. నువ్వు అన్నీ పద్ధతిగా చేశావక్కా అంటున్నాడు. వాడు నన్ను ఓదారుస్తున్నాడు, నాకు వాడి మీద మండిపోతోంది.

సెప్టెంబర్ 18

తీర్పు మళ్ళీ చదివాను. తప్పు లేదు. అదే నా ఏడుపు.

సెప్టెంబర్ 21, ఆదివారం

రోసమ్మ చర్చికి రాలేదు.

సాయంత్రం బాలమ్మ మా ఇంటికి వచ్చింది. కృతజ్ఞతలు చెప్పడానికేమో అనుకున్నాను, నా బుద్ధి అలాంటిది. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్ల మీదే కూర్చుంది.

"అమ్మా, నన్ను పనిల పెట్టిన్రు. దుప్పటి కొస పట్టుకుని నిలబడితే అవతల కొత్త పిల్ల ఉంది. నేను ఇడిసేటాల్లకు ఆమె ఇడుస్తలేదు. ఇరవై ఏండ్లు రోసమ్మ, నేను అటొకలం ఇటొకలం నిలబడ్డం. ఆమె నోరు తెరుస్తదని తెలిస్తె నేను ఆ పని మీద ఆశే పెట్టుకోకపోదు."

"నేను ఆమెను తీసేయమనలేదు బాలమ్మా."

"మీరన్నరని నేనంటలేను. మీ కాగితం అన్నదని అంటున్నరు వాళ్ళు."

కాఫీ ఇస్తానన్నాను. తాగింది. వెళ్ళేటప్పుడు, "ఇప్పుడు మీరు ఆమెతోని మాట్లాడొచ్చా, ఇంకా కట్లున్నయా?" అని అడిగింది.

లేవు. ఆ మాట ఆమె అడిగేదాకా నాకు తట్టలేదు.

సెప్టెంబర్ 23, మంగళవారం

నేనే లాండ్రీకి వెళ్ళాను. ఈసారి టమాటాలకు కాదు. రాఘవేందర్ గదిలో కూర్చోబెట్టాడు.

"నేను తప్పు చేసిన్నా టీచర్? మీరు రాసిందే చేసిన."

"తప్పు చేశావని అనడం లేదు. ఈమె సంగతి కూడా మధ్యవర్తికి పెట్టు."

వాడు కిటికీలోంచి కిందికి చూశాడు. కింద రోలర్లు తిరుగుతున్నాయి, మాటలు మాత్రం వినపడటం లేదు. "ఆడోళ్ళెవరు నాతోని మాట్లాడ్తలేరు. నమస్తే పెడ్తరు, పని చేస్తరు, పోతరు. గిట్ల ఎన్నడు లేకుండె. పెడ్త టీచర్. మీరే కూసోన్రి మళ్ళ."

"నేను కూర్చోను. నేను రోసమ్మ తరఫున వస్తాను."

ఆ మాటకు నావైపు తిరిగాడు. క్లాసులో మార్కులు తగ్గించినప్పుడు చూసినట్టు చూశాడు. "సరే," అన్నాడు. "మధ్యవర్తిని పర్వతాలు, నేను చూసుకుంటం. ప్రశ్న మీరు రాసుకొని రాన్రి. చదివి, నచ్చితె సంతకం పెడ్త. నచ్చకపోతె పెట్ట. ముందుగాలనే చెప్తున్న."

అది న్యాయమే.

సెప్టెంబర్ 25, గురువారం

బొల్లారం వెళదామని బయల్దేరుతుంటే రోసమ్మే వచ్చింది. బాలమ్మ పంపిందట. గేటు బయటే ఆగింది. నేను వెళ్ళి రెక్కలు రెండూ తీశాను. హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, ముందు మంచినీళ్ళిచ్చాను.

"ఆ రోజు ఏం అడుగుదామని వచ్చావమ్మా?"

"ఏమున్నది టీచరమ్మా. నేను పోయి చెప్తె బాలమ్మకు పని వస్తదా, రాదా అని. గంతే అడుగుదామని వచ్చిన. అక్కర్లేదు అంటె ఊకుందు."

అక్కర్లేదన్న ఒక్క మాట అప్పటికి నా దగ్గర ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఆమె ముందే ఏడ్చాను. ఆమె లేచి నా భుజం మీద చెయ్యి వేసింది. "మీరేం జేస్తరు, మీకు కట్లుండె," అంది. ఆ మాటతో ఇంకా ఎక్కువైంది.

తర్వాత అన్నీ అడిగాను. ఆబగా అడిగాను, నా వల్ల కాలేదు. ఈ బదులు రోజులు ఎవరు మొదలుపెట్టారు? తెల్వదు, ఆమె చేరేటప్పటికే ఉన్నాయి. ఎవరైనా చెప్పి చేయించారా? లేదు, అడిగితే వచ్చేవాళ్ళు. యజమానికి తెలుసా? రాఘవేందర్ నాన్న, పెద్ద సేటు, క్రిస్మస్ నాడు గేటు దగ్గర నిలబడి, ఇయ్యాల ఎవరి బదులు ఎవరు వచ్చిండ్రే అని నవ్వుతూ అడిగేవాడట. ఆయన పోయాక ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. బాలమ్మ ఈసారి కూతురి ఆపరేషన్‌కు మొక్కుకుంది, బోనమెత్తక తప్పదు. రోసమ్మ వాక్యం చదవడం మానుకుని ఆమె బదులు వచ్చింది. "జ్వరమని అబద్ధం చెప్పిన. దానికి దేవుని దగ్గర ఒప్పుకున్న. కార్డుకు ఒప్పుకోలే, అది తప్పనిపియ్యలే."

"రాఘవేందర్ చెప్పేదీ నిజమే రోసమ్మా. ఆ రోజు నీ చెయ్యి పడితే?"

ఆమె చేతులు చూసుకుంది. "అవు. అది నేను సోంచాయించలే. ఇకముందు పేరు చెప్పి చేస్తం. చెప్తె వద్దంటరేమో అని భయానికే చెప్పలే."

జెరెమియాకు ఫోన్ చేశాను. ప్రశ్న ఎంత వెడల్పు రాస్తే మధ్యవర్తి చెయ్యి అంత దూరం పోతుందని చెప్పాడు. ఇరవయ్యో షరతు ఉన్నా సరే, ఇద్దరూ కలిసి సంతకం పెడితే పాత ఆనవాయితీని కూడా చూడమని అడగవచ్చు. కాగితం తెచ్చుకుని కూర్చున్నాను.

"నీ గురించి ఏం అడగమంటావు రోసమ్మా? చెప్పు, నేను సరిగ్గా రాస్తాను."

ఆమె ఆలోచించింది. నేను తొందరపెట్టలేదు.

"నేను దొంగనా కాదా అని అడుగున్రి."

"అది కాదమ్మా. పని రావాలంటే వేరేగా రాయాలి."

"పని సంగతి మీ లెక్క మీరు రాయున్రి. అది కింద రాయున్రి. గా ఉత్తరం ఇచ్చినకాంచి బస్సుల సుత మా వాడకట్టోళ్ళ పక్కపొంటి కూసుంటలేను. ముందుగాల ఇది అడుగున్రి."

రాశాను. మొదటి ప్రశ్న: యాజమాన్యానికి ఏళ్ళ తరబడి తెలిసిన బదులు పద్ధతిలో బాలమ్మ కార్డు కొట్టిన రోసమ్మ మోసం చేసినట్టా, కాదా? రెండో ప్రశ్న: కాకపోతే, ఆమెను తిరిగి పనిలోకి తీసుకోవాలా? మూడోది నేనే చేర్చాను: ఇకముందు బదులు రోజులు, లోపల ఉన్న మనిషి పేరే మిషన్‌లో ఉండేటట్టు, ఎలా నడపాలి? అది రాఘవేందర్ కోసం.

ఆమెకు చదివి వినిపించాను. మొదటిది రెండోసారి చదవమంది. చదివాను. పెన్ను తీసుకుని పొట్టి సంతకం పెట్టబోయి, ఆగి, పేరు మొత్తం రాసింది.

రేపు పొద్దున రాఘవేందర్ దగ్గరికి తీసుకెళతాను. సంతకం పెడతాడో లేదో తెలియదు. పెడితే, వచ్చే మధ్యవర్తి ఎవరైనా సరే, ఈ మూడూ దాటి ఒక్క మాట అడగడానికి వీల్లేదు. దాటాల్సిన అవసరం రాకుండా రాశాను.